పన్నెండో సొట్ట

మావయ్యకి నమస్కారాలు,

నువ్విచ్చిన పెద్ద బాకా, అదే ట్యూబా, పార్సెల్లో పంపిస్తున్నాను. మధ్య వాల్వు నొక్కితే కిందే ఉండిపోతోంది. అదొక్కటి బాగుచేస్తే చాలు. మా రాక్ బ్యాండు మొదటి ఆల్బం సగం రికార్డయింది. పైన గిటార్లు, మధ్యలో జాజ్ శాక్సోఫోను, అడుగున నా ట్యూబా. ఇలాంటి గొంతు ఇంకే ట్యూబాలోనూ వినలేదని అందరూ అంటున్నారు. మిగతా సగం నెలాఖరులోగా ముగించాలి.

నీ మేనకోడలు

తా.క. వాల్వు ఒక్కటే, మావయ్యా. నీ సంగతి నాకు తెలుసు.

*

చిరంజీవి అమ్మడికి మావయ్య ఆశీస్సులు,

వాల్వు పావుగంటలో అయిపోయింది. ఆ తర్వాత చేతులు ఊరుకోలేదు. నలభై ఏళ్లుగా ఇత్తడి వాద్యాలు బాగుచేస్తున్నవాణ్ణి, సొంత మేనకోడలి ట్యూబాని సొట్టలతో పంపితే నలుగురూ నవ్వరా? పదకొండు సొట్టలూ తీశాను. గొట్టాలన్నీ విప్పి కడిగాను. ఇప్పుడు దాంట్లో చూసుకుంటూ తల దువ్వుకోవచ్చు.

నీ మావయ్య

తా.క. లోపలి మలుపులో ఏదో పాత గుడ్డ దొరికింది. మసిబారినా మెత్తగా ఉంది. దాంతోనే తుడిచి మెరుగు పెట్టాను.

*

మావయ్యకి నమస్కారాలు,

నా కొంప ముంచావు. ట్యూబా మెరుస్తోంది కానీ గొంతు పోయింది. ఇదివరకు పక్కగదిలోంచి వస్తున్నట్టు మెత్తగా పలికేది. ఇప్పుడు ఊదితే లారీ హారను. మా డ్రమ్మర్ స్టూలు మీంచి లేచి దారిచ్చాడు. తిరిగి పంపుతున్నాను, దయచేసి ఆ సొట్టలు మళ్లీ పెట్టు.

నీ మేనకోడలు

తా.క. ఎక్కడెక్కడ ఉండేవో తెలియడానికి పాత ఫొటో జత చేశాను.

*

అమ్మడికి ఆశీస్సులు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నమ్మకం కుదరక నాలుగోసారి మీ అత్తయ్యతో చదివించుకున్నాను. సొట్టలు తీసి బతికినవాణ్ణి. పెట్టమని అడిగింది నువ్వొక్కదానివే. కొయ్య సుత్తి పట్టుకుని, మనసు రాయి చేసుకుని పెట్టాను. ఫొటో ప్రకారం పదకొండూ ఉన్నాయి.

నీ మావయ్య

తా.క. పన్నెండోది కోపంలో పడింది.

*

మావయ్యకి,

పన్నెండు సొట్టలున్నా లారీ హారను లారీ హారనే. ట్యూబా తీసేసి బేస్ గిటార్ పెడదామని మావాళ్లు అంటున్నారు. నాకు వచ్చిందల్లా ఇదొక్కటే. ట్యూబా పోతే ఆల్బంలో నేనూ ఉండను. వారం గడువు అడిగాను. నీ మీద కోపం లేదు. ఏడుపొస్తోంది, అంతే.

నీ మేనకోడలు

తా.క. పన్నెండో సొట్ట మాత్రం డ్రమ్మర్‌కి నచ్చింది.

*

అమ్మడూ,

నిన్న మీ అత్తయ్య నా తుడుపు గుడ్డలు ఉతికింది. ట్యూబాలో దొరికిన గుడ్డ మీద మసి వదిలి, పసుపు దారంతో కుట్టిన బాతు బయటపడింది. చూస్తూనే గుర్తుపట్టాను. అది నీ పసితనపు గౌను.

నువ్వు నెలల పిల్లవి. నేను మీ ఇంట్లో ఉండి ఈ ట్యూబా మీదే సాధన చేసేవాణ్ణి. పాప నిద్ర చెడితే ఆ బాకా వీధిలో పడేస్తానని మీ అమ్మ అంది. దాంతో నీ గౌనొకటి లోపలికి కుక్కి, పక్కగదిలో కూర్చుని ఊదేవాణ్ణి. నువ్వు హాయిగా పడుకునేదానివి. తర్వాత గుడ్డ సంగతే మరిచాను. సొట్టల ధ్యాసలో పడి, చేతిలోకి వచ్చినా పోల్చుకోలేదు.

ఆ గొంతు వింటూనే నువ్వు పెరిగావు. అది పోతే నీకు ఏడుపు రాదా మరి. నాకూ వచ్చింది.

గౌను ఈ కవర్లోనే ఉంది. లోపలి మలుపు దాకా తోసి, ఊది చూడు. నీ పాట నువ్వు పోగొట్టుకోకు.

నీ మావయ్య

తా.క. మీ అత్తయ్య దానికి ఇస్త్రీ కూడా చేసింది. గొంతులో తేడా వస్తే ఈసారి ఉత్తరం ఆమెకి రాయి.