ఆఖరి రీల్లో మాటల్లేవు

1962 జనవరి 20, శనివారం

ఈ డైరీ అన్నయ్యకు ఎవరో ఇచ్చారు. తనకు రాసుకోవడానికేమీ లేదని నాకిచ్చాడు. పంతొమ్మిది పేజీలు ఖాళీగా పోయాయి. పోతే పోయాయి. ఆ పంతొమ్మిది రోజులూ నేను చేసిందల్లా ఐదో క్లాసు నోట్సులు దిద్దడమే.

నిన్న టెంటులో దయ్యం సినిమా చూశాం, నేనూ జయమణీ. జయమణి ఇక్కడే, పేట ఆస్పత్రిలో నర్సు. మా టెంటుకు ఒకటే మిషను, రీలు అయిపోయినప్పుడల్లా లైట్లు వేస్తారు. దయ్యం కిటికీలోంచి చెయ్యి చాపింది. ఆడవాళ్ళంతా కెవ్వుమన్నారు. టక్కున లైట్లు. సోడా, సోడా అంటూ మనిషి వచ్చాడు. రీలు మార్చి మళ్ళీ చీకటి చేసేసరికి దయ్యం అలాగే చెయ్యి చాపుకుని ఉంది, జనం త్రేన్పులు తీస్తున్నారు. పాపం, దానికీ ఒక సోడా ఇప్పించాల్సింది.

జయమణి ఏడ్చేంత నవ్వింది. నేను చచ్చినవాళ్ళను వారానికొకళ్ళనైనా చూస్తానే, ఇంతవరకూ ఒక్కళ్ళు కూడా లేచి పాట పాడలేదు అంది. రేపు నజీరాకు కథ చెప్పాలి.

జనవరి 21, ఆదివారం. సాయంత్రం 6

మనసేం బాగోలేదు. మొదటినుంచీ రాస్తాను.

నజీరా వాళ్ళ ఇల్లు టెంటు వెనకే, తెర కట్టే వైపు. మధ్యలో రేకుల గోడ. వాళ్ళ నాన్న బుడే సాహెబ్ గారు టెంటు గేటు దగ్గర టిక్కెట్లు చించుతారు. ఊరందరికీ సినిమా చూపించే మనిషి, కూతుర్ని మాత్రం లోపలికి రానివ్వరు. గేటు మనిషి కూతురు ఊరికే చూసిందంటారని. పోనీ టిక్కెట్టు కొని చూస్తానంటే, కొన్నావని ఎవరు నమ్ముతారే అంటారట. అందుకని నజీరా ఇరవై మూడేళ్ళొచ్చినా ఒక్క సినిమా చూడలేదు. కానీ అన్నీ వింది. జాకెట్లు కుట్టుకుంటూ ఒక్కో సినిమా పదిహేను ఆటలు వింటుంది. మాటలన్నీ కంఠతా వచ్చు. బొమ్మ మాత్రం మేం చెప్పాలి. అదే మా ఆదివారం.

ఈసారి దయ్యం సినిమాకు నిజంగా భయపడింది నజీరా ఒక్కతే. గాలి హోరు, గజ్జెలు, ఆ నవ్వు, అన్నీ రేకుల గోడ అవతలినుంచి పదిహేను ఆటలు! దయ్యం ఎంత ఉందే అని అడిగింది. మా హెడ్‌మిస్ట్రెస్ అంత ఉంది, ఆవిడకన్నా పౌడరు కాస్త తక్కువ అన్నాను. కాళ్ళు వెనక్కున్నాయా అంది. కాళ్ళ సంగతేమో గానీ చెప్పులున్నాయి అంది జయమణి. దయ్యానికి చెప్పులెందుకే అని నజీరా నవ్వి నవ్వి సూది వేలికి గుచ్చుకుంది. గజ్జెల చప్పుడు వచ్చేచోట దయ్యం కాళ్ళకు గజ్జెలే లేవని చెబితే మాత్రం కోపమొచ్చింది. మరి నేను దేనికి భయపడ్డట్టు అంది.

తర్వాత కబుర్లు ఎటెటో పోయాయి. ఆస్పత్రిలో ఆరోగ్యమ్మ అనే ఆయా మార్చురీ తాళం వేస్తూ, పడుకోండి బాబూ, పొద్దున్నే వస్తా అని చెప్పి వెళుతుందట. నేను చిన్నప్పుడు మా పెరట్లో ఆరేసిన పంచెను చూసి జ్వరం తెచ్చుకున్న సంగతి చెప్పాను.

అప్పుడు అడిగింది నజీరా. కథలో మొగుడు రంగూన్ వెళతాడు. పెళ్ళాం ఎదురుచూసి ఎదురుచూసి చచ్చిపోయి వాళ్ళ బంగళాలోనే దయ్యమై తిరుగుతుంది. పన్నెండేళ్ళకు మొగుడొస్తాడు. తలుపు చప్పుడవుతుంది. అంతే, అక్కణ్ణుంచి ఆఖరి రీల్లో మాటల్లేవు. ఒక్క వయొలిన్ వాయిస్తారు. ఆ తర్వాత జనం కుర్చీలు జరిపే చప్పుడు. ఏమయిందే, ఆయన ఆవిణ్ణి చూశాడా, అంది.

చూడలేదు. దీపం పట్టుకుని ఆవిడ ఎదురుగానే నిలబడింది. ఆయనకు కనపడలేదు. దుమ్ము దులుపుకుని, తాళం వేసుకుని, బండెక్కి వెళ్ళిపోయాడు.

నజీరా సూది ఆపేసి నా మొహంలోకి చూస్తోంది. వాళ్ళ మేనబావ సిలార్ లారీ డ్రైవింగు నేర్చుకుంటానని హైదరాబాదు వెళ్ళి రెండున్నరేళ్ళు. వస్తాను, వచ్చి నిఖా చేసుకుంటానని మాటిచ్చి వెళ్ళాడు. ఏడాదిగా ఉత్తరం ముక్క లేదు.

చూశాడే అన్నాను.

అక్కడితో ఆగినా బాగుండేది. నా నోరు ఊరుకుందా? క్లాసులో పిల్లలు నోరు తెరుచుకుని వింటుంటే ఎంత పొంగిపోతానో అంత పొంగిపోయాను. ఆయన ఆవిడ చేతిలో దీపం అందుకున్నాడన్నాను. చెయ్యి తగలగానే ఆవిడకు ప్రాణమొచ్చిందన్నాను. ఇద్దరూ కలిసి కిటికీలన్నీ తెరిచారని కూడా చెప్పాను. నజీరా కళ్ళు తుడుచుకుంది. జయమణి వేరుశనక్కాయలు నమలడం ఆపి నావైపు చూసింది.

జనవరి 22

జయమణి నిజంగానే తిట్టింది. ఆస్పత్రిలో చచ్చిపోయేవాళ్ళకు కూడా రేపు ఇంటికెళతారని నేను చెప్పనే, నీకెవరిచ్చారే ఆ హక్కు అంది. సినిమా కథేగా అన్నాను. నీకు సినిమా కథ, దానికి కాదు అంది.

ఫిబ్రవరి 4, ఆదివారం

బుడే సాహెబ్ గారు మా ఇంటికి వచ్చారు. లోపలికి రమ్మంటే రాలేదు, మెట్టుమీదే కూర్చున్నారు. మైలవరంలో సంబంధమొచ్చిందట. సోడా షాపు ఉంది, మొదటి భార్య పోయింది, పిల్లల్లేరు, మంచివాడు. పిల్ల మాత్రం ఊఁ అనడంలేదు, నా మాట వినదమ్మా, మీ మాటైతే వింటది, కాస్త చెప్పండి అన్నారు. ఆ పెద్దమనిషి నన్ను బతిమాలుతుంటే సిగ్గేసింది.

వెళ్ళాను. నేను నోరెత్తకముందే నజీరా అంది, నాన్న పంపించాడు కదా అని. తర్వాత నెమ్మదిగా చెప్పింది. ఆ సినిమాలో ఆవిడ చచ్చిపోయి కూడా పన్నెండేళ్ళు చూసిందే, ఆయన రానే వచ్చాడు, నేను బతికుండి ఇంకో ఏడాది చూడలేనా, అంది. నవ్వుతూనే అంది. కానీ అది వేళాకోళం కాదు.

చెప్పాల్సింది అప్పుడే. ఒసేయ్, ఆయన చూడలేదే, తాళం వేసుకుని పోయాడే అని ఒక్క ముక్క చెబితే సరిపోయేది. మహా అయితే తిడుతుంది, ఏడుస్తుంది. మైలవరం సంగతి ఆలోచిస్తుంది. నేను మంచినీళ్ళు అడిగి తాగి వచ్చేశాను. వాళ్ళ నాన్నతో మాత్రం, దాని ఇష్టం బాబాయ్, బలవంతపెట్టకండి అన్నాను. ఎంత పెద్దరికం!

ఫిబ్రవరి 10

చెప్పలేదు.

ఫిబ్రవరి 18, ఆదివారం

చెబుదామనే వెళ్ళాను. నజీరా రోజా ఉంది, రంజాన్ ఉపవాసం, పెదవులు ఎండిపోయి ఉన్నాయి. పండక్కి సిలార్ వస్తాడని వాడికి చొక్కా కుడుతోంది. పాత కొలత ఉందట. ఇన్నాళ్ళలో ఒళ్ళు చేసి ఉంటాడు కదా అని ఛాతీ దగ్గర రెండంగుళాలు కలిపింది. చాలంటావా అని నన్నడిగింది.

చాలన్నాను.

మార్చి 9, శుక్రవారం

నిన్న రంజాన్. సిలార్ రాలేదు. నజీరా కారియర్‌లో సేమ్యా పాయసం పంపింది. అందులో వేసినంత జీడిపప్పు మా ఇంట్లో పెళ్ళికి కూడా వెయ్యరు. తినలేకపోయాను. వదిన తిని, చాలా బాగుందని చెప్పమంది.

ఏప్రిల్ 3

మైలవరం సోడా షాపు ఆయనకు తిరువూరులో పెళ్ళయిపోయింది. బజారులో బుడే సాహెబ్ గారే చెప్పారు. పాపం, ఎంతకాలం ఆగుతాడమ్మా అన్నారు. నన్ను ఒక్క మాట అనలేదు. ఆయనకు తెలిస్తే కదా.

ఏప్రిల్ 12, గురువారం

మధ్యాహ్నం జయమణి యూనిఫారంతోనే స్కూలుకొచ్చింది. చిల్లకల్లు దగ్గర టీ తాగుతూ ఒక లారీ డ్రైవరు బుడే సాహెబ్ గారికి చెప్పాడట. సిలార్ సూర్యాపేటలో ఉన్నాడు. నిరుడే పెళ్ళి చేసుకున్నాడు. కూతురు కూడా పుట్టింది.

నిరుడే. అంటే మేం ఇక్కడ దయ్యానికి చెప్పులున్నాయని నవ్వుకుంటున్నప్పటికే వాడు పెళ్ళయినవాడు.

స్కూలు వదలగానే పరిగెత్తాను. నజీరా తలుపు తియ్యలేదు. లోపల కుట్టుమిషను చప్పుడు కూడా లేదు. చాలాసేపు మెట్టుమీద కూర్చుని వచ్చాను.

ఏప్రిల్ 15

తలుపు తీసింది. ఏడవలేదు. ఆ చొక్కా కుట్లన్నీ విప్పేసింది. ముక్కలు మడతపెట్టి ఉన్నాయి. పనికొస్తాయిలే అంది.

ఏప్రిల్ 29, ఆదివారం

టెంటు లైసెన్సు అయిపోయింది. గుంజలు పీకేశారు. ఇక నందిగామలో వేస్తారట. బుడే సాహెబ్ గారు కూడా అక్కడికే, వండిపెట్టడానికి నజీరా. బస్టాండుకు నేనూ జయమణీ వెళ్ళాం. కుట్టుమిషను బస్సు టాపు మీదికి ఎక్కించారు. నజీరా నన్ను కావిలించుకుని వదల్లేదు. నా ఏడుపు చూసి నన్నే ఓదార్చింది. సినిమాలో జరిగినట్టు అందరికీ జరగదులేవే, ఊరుకో అంది.

జయమణి మొహం పక్కకు తిప్పుకుంది. బస్సు వెళ్ళేదాకా నేను బతికున్నానో లేదో నాకు తెలియదు.

జూన్ 17, ఆదివారం. రాత్రి 8

నందిగామ వెళ్ళొచ్చాను. ఉన్నదున్నట్టు రాస్తాను, ఇక్కడైనా.

నజీరా చిక్కిపోయింది. నన్ను చూడగానే, వచ్చావుటే అని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. పెరుగన్నం పెట్టింది. వాళ్ళ నాన్న జన్మలో చెయ్యని పని చేశాడట. కూతురు దిగులుగా ఉందని టిక్కెట్టు కొని, తనే వెంటబెట్టుకెళ్ళి ఆడవాళ్ళ వైపు బెంచీ మీద కూర్చోబెట్టాడట. తన చేత్తోనే ఆ టిక్కెట్టు చించాడట. కొత్త సినిమా పెట్టె బెజవాడ నుంచి రాలేదని ఆ వారం పాతది తెప్పించి వేశారు. మా దయ్యం సినిమా.

దయ్యాన్ని చూసి నవ్వొచ్చిందట. చెప్పులు కూడా చూసిందట. నేను పెరుగన్నం ముద్ద కంచంలో పెట్టేశాను.

ఆఖరి రీలు చూసి, పొరపాటున వేరే రీలు వేశారేమో అనుకుందట. మర్నాడు మళ్ళీ వెళ్ళింది. మూడో రోజు కూడా వెళ్ళింది. ఆపరేటరును కూడా అడిగించిందట, ఈ సినిమాకు రెండు రకాల ముగింపులున్నాయా అని. నాకేసి చూస్తూ అడిగింది. పేటలో వేసిన రీలు వేరే కదే, వేరే అయ్యుంటుంది కదూ, అని.

అవునంటే అయిపోయేది. దానికి కావలసింది ఆ ఒక్క మాటే. దానికి నేను కావాలి, అందుకే ఆ దారి తనే చూపించింది. అవునే, వేరే రీలే అంటే నమ్మేది. సాయంత్రం బస్సు దాకా కబుర్లు చెప్పుకునేవాళ్ళం.

ఒకటే రీలు అన్నాను. నేనే అబద్ధం చెప్పానన్నాను. నీ మొహం చూసి చెప్పలేకపోయాను, మైలవరం సంబంధమప్పుడైనా చెప్పాల్సింది, అప్పుడూ చెప్పలేదన్నాను. ఏడ్చాను. క్షమించమని చెయ్యి పట్టుకున్నాను.

చెయ్యి లాక్కోలేదు. కాసేపు అలాగే ఉంచి, మెల్లగా తీసుకుంది. నా కంచం తీసి కడిగింది. మంచినీళ్ళు ఇచ్చింది. తర్వాత, ఎండ చల్లబడింది, బయల్దేరండి టీచరుగారూ, బస్సు వెళ్ళిపోతుంది, అంది.

పదేళ్ళ స్నేహం. ఏమే, ఒసేయ్ తప్ప ఎరగం. నజీరా అరిచి ఉంటే, కొట్టి ఉంటే, దాని కాళ్ళ దగ్గరే పడి ఉండేదాన్ని. అండి అన్నాక ఇంకేం చెయ్యను? సరేనండి అని నేనూ అన్నాను. చెప్పులు వేసుకుని వచ్చేశాను.

జూన్ 18

స్కూలుకు సెలవు పెట్టాను.

జులై 8

ఉత్తరం రాశాను. నాలుగోది. జవాబు లేదు.

సెప్టెంబరు 2, ఆదివారం

జయమణి నందిగామ వెళ్ళొచ్చింది. నజీరా ఇప్పుడు ప్రతి సినిమా చూస్తోందట. మధ్యాహ్నాలు వీధిలో ఆడవాళ్ళు జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చి కూర్చుంటే కథలు చెబుతుందట. తెర మీద ఏముంటే అదే. ఎవరైనా వినలేక, పోనీ బతికిందని చెప్పవే అన్నా చెప్పదట.

నా గురించి ఏమైనా అడిగిందా అన్నాను.

లేదంది. జయమణి అబద్ధం చెప్పదు.