బస్సు డ్రైవరుకు కంటి ఫలితం చెప్పనివ్వమని మనవి

పరిశోధన సంస్థ నైతిక సంఘం అధ్యక్షుల వారి సముఖమునకు,
జన్యు విభాగం శాస్త్రజ్ఞురాలు సమర్పించుకొను అర్జీ.

విషయం: రెటీనా జబ్బుల పరిశోధనకు రక్తం ఇచ్చిన ఒక వ్యక్తికి అతని ఫలితం తెలుపరాదన్న ఉత్తర్వును పునఃపరిశీలించుట గురించి.

అయ్యా,

1. తల్లిదండ్రుల నుంచి పిల్లలకు దిగే కంటిజబ్బులలో ఏ జన్యువు చెడి రెటీనా పాడగుచున్నదో కనిపెట్టు పని నాకు అప్పగించబడియున్నది. ఇందుకు ఒక కుటుంబం రక్తం ఇచ్చినది. తల్లికి చూపు పూర్తిగా పోయినది. పెద్దకొడుకు దర్జీ. సూదిలో దారం మాట దేవుడెరుగు, ఇప్పుడు గుమ్మం కూడా తడుముకొనుచున్నాడు. ఇద్దరిలోనూ ఒకే లోపం కనుగొనబడినది. చిన్నకొడుకు బస్సు డ్రైవరు. "పరిశోధనకు వాడుకోండి, నాకు మాత్రం ఏదీ చెప్పొద్దు" అని షరతు పెట్టి రక్తం ఇచ్చినాడు. అతనిలోనూ అదే లోపం ఉన్నది.

2. ఈ జబ్బులో మొదట మసక వెలుతురులో చూపు ఆనదు. తరువాత పక్కచూపు పోవును. ఎదురుగా ఉన్న అక్షరం చదవగలరు, పక్కనున్న మనిషి కనబడడు. కావున బోర్డు చదివించు పరీక్షలో ఇట్టివారు నెగ్గుటలో వింత లేదు. ఇవన్నీ విన్నవించి అనుమతి కోరగా, అతనే నోరు తెరిచి అడిగిననాడు తప్ప అతనికి గాని, డిపోకు గాని చెప్పరాదని తమరు ఉత్తర్వు ఇచ్చియున్నారు.

3. అతను నడుపు బస్సులో నేను ప్రయాణించితిని. కండక్టరు అతని భార్య తమ్ముడు. వెనక్కి వెళ్లి టిక్కెట్లు కొట్టక, డ్రైవరు పక్కనే నిలబడి ఒకటే పిలుపు. "బావా, ఎడమన సైకిలు... బావా, ముసలాయన దిగుతున్నాడు, ఆగు." "మీ బావని నోరు విప్పనివ్వవా ఏంటి?" అని ఎవరో అంటే బస్సంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. చివరి స్టాపులో అతనితో మాట్లాడాను.

"మీరు అడిగితే నేను చెప్పొచ్చు. ఒక్కసారి అడగండి."

"ఎందుకు మేడం? తెలియనంతకాలం నేను డ్రైవర్నే. తెలిశాక మా అన్న పక్కన ఇంకో మంచం."

4. ఈ మధ్య ఆ కండక్టరును వేరే రూటుకు మార్చినారు. కొత్త కండక్టరు వెనక సీట్లో కూర్చుండును. మా ప్రయోగశాల కిటికీలోంచి స్టాపు కనబడును. మొదట బస్సు ఎడమ పక్క గీతలు పడి వచ్చినది. తరువాత ఆ పక్క అద్దం లేకుండా వచ్చినది. అయ్యా, అద్దం తరువాత ఏది?

5. ఇటీవల అతనే కూతురిని వెంటబెట్టుకుని వచ్చినాడు. "పొద్దు వాలితే మెట్లు దిగనని ఏడుస్తోంది మేడం. దీని రక్తం చూడండి. దీని సంగతి చెప్పండి, నా సంగతొద్దు" అన్నాడు. ఆ పిల్ల బడి సంచీని గుండెకు హత్తుకుని, గోడ వదలకుండా నిలబడింది. ఆ పిల్ల తల్లి రక్తం కూడా చూసితిని, అందులో లోపం లేదు. పిల్లలో ఉన్నది. పిల్ల సంగతి చెబితే తండ్రి సంగతి చెప్పినట్లే. చెప్పకుంటే కన్నతండ్రికి బిడ్డ జబ్బు దాచినట్లే. తమ నిబంధనలన్నీ తిరగేశాను. నాకు దారి దొరకలేదు.

తమ సంతకం ఎంత ఆలస్యమైతే అంతకాలం ఆ బస్సు జనం మధ్యన తిరుగుచుండును. కావున పై సంగతులు దయతో చిత్తగించి, ఈ రోజు వెలుగుండగానే ఉత్తర్వు ఇప్పించవలెనని వేడుకొనుచున్నాను.

తమ విధేయురాలు,
జన్యు విభాగం శాస్త్రజ్ఞురాలు

తా.క. ఇది తమ గుమాస్తాకు ఇవ్వబోతుంటే ఆ డ్రైవరు వచ్చాడు. జనాన్ని బస్సులోనే కూర్చోబెట్టి, గేటు దగ్గర ఆపి వచ్చాడు. "పాపది తేలిందా?" అన్నాడు. నేను ఈ అర్జీని బల్ల మీద బోర్లించాను. నా మొహంలోకి చాలాసేపు చూశాడు. తాళంచెవి నా బల్ల మీద పెట్టి, వరండాలోకి పోయి కూర్చున్నాడు. బయట జనం కేకలు మొదలయ్యాయి. చీకటి పడుతోంది. మళ్లీ లేచి వచ్చి, "ఈ ఒక్క ట్రిప్పు వేసొస్తా మేడం, పాపం ఎదురుచూస్తున్నారు" అని చెయ్యి చాచాడు. ఇవ్వనన్నాను. డిపోకు ఫోను చేసి ఇంకో డ్రైవరును పంపమన్నాను. ఎందుకని అడిగారు. చెప్పేశాను. అతను గుమ్మంలోనే నిలబడి అంతా విన్నాడు.

"పాపకి మాత్రం మీరు చెప్పకండి" అన్నాడు. "నేనే చెబుతా."