ఒక్క కూతా లేదు

కొత్వాల్‌గూడ,
ఆగస్టు 2011

చిరంజీవి రహీంకు అనంతయ్య కాక ఆశీస్సులు.

శంషాబాద్‌లో నీ దుకాణంలో కొన్న కంప్యూటర్ మొండికేసింది. మీట నొక్కితే లోపల ఫ్యాను తిరుగుతుంది, తెర మాత్రం నల్లగానే ఉంటుంది. మీ చిన్నమ్మ రుక్మిణమ్మ వద్దంటున్నా డబ్బా విప్పి దుమ్ము దులిపాను. ఆ దుమ్ముకు తలంటు పోసుకున్నాను, అలవాటుగా చెవుల నిండా నూనె కూడా. స్నానం చేసి వచ్చి మీట నొక్కితే ఇదీ సంగతి. ఆమె కూడా అప్పటి నుంచే నాతో మాట మానేసింది. రోజూ పక్కన కూర్చుని పాత పాటలు చూసే మనిషి, ఇప్పుడు ఎదురుగా కూర్చుని ఊరికే పెదవులు కదిలిస్తుంది. తిట్టుకుంటున్నదేమో. కంప్యూటర్ బాగైతే మాట్లాడుతుందని నా ఆశ.

ఇట్లు,
అనంతయ్య

తా.క.: ఫోన్ కూడా ఖరాబైంది. ఎవరు చేసినా అవతల నోరు విప్పరు. అందుకే పాల ఆటో మల్లేశ్వర్ చేత ఈ ఉత్తరం.

*

అనంతయ్య కాకకు సలాం.

పరేషాన్ కాకండి. కంప్యూటర్ తన రోగం తానే చెబుతుంది. మీట నొక్కగానే చిన్నగా ఒక్కసారి కూస్తే క్షేమం. పొడుగ్గా ఆగి ఆగి కూస్తుంటే ర్యామ్ అనే పట్టీ కదిలినట్టు. అసలు కూయకపోతేనే భయం, మదర్‌బోర్డో ప్రాసెసరో పోయినట్టు. జర చెవి పెట్టి విని రాయండి.

మీ రహీం

తా.క.: చిన్నమ్మ అంత కోపమున్న మనిషి కాదే?

*

చిరంజీవి రహీంకు,

డబ్బాకు చెవి ఆనించి కూర్చున్నాను. ఒక్క కూతా లేదు. రుక్మిణమ్మ మాత్రం రెండు చెవులూ మూసుకుని లోపలికి పోయింది. నా ఊపిరి వినడం కూడా ఇష్టం లేదు కాబోలు. ఎన్నిసార్లని పలకరించను? నేనూ మానేశాను. ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఎన్నడూ లేదు రహీం. బెంగగా ఉంది.

నీ కాక,
అనంతయ్య

తా.క.: ఎయిర్‌పోర్టు వాళ్లను మెచ్చుకోవాలి. ఈ మధ్య విమానాలు మా ఇంటి మీదుగా చప్పుడే లేకుండా పోతున్నాయి.

*

కాకకు సలాం.

అయితే మదర్‌బోర్డే అనుకోవాలి. శుక్రవారం నమాజు అయ్యాక కొత్తది పట్టుకుని నేనే వస్తాను. ధైర్యంగా ఉండండి.

మీ రహీం

తా.క.: నిన్న పోయిన విమానానికి మా దుకాణంలో టీ గ్లాసులు గలగలలాడాయి. మీ ఊరికి వేరే విమానాలు నడుపుతున్నారేమో.

*

చిరంజీవి రహీంకు వెయ్యి ఆశీస్సులు.

శుక్రవారం నువ్వు గేటు దగ్గర నిలబడి నవ్వుతుంటే నాకు ఒళ్లు మండింది. చివరికి కాగితం మీద రాసి చూపించావు: "కాకా, మదర్‌బోర్డు మంచిగున్నది. ఇది గల్లీ దాక కూస్తున్నది. ఖరాబైంది మీ చెవులు."

కదిలిన పట్టీని నువ్వు సరిగ్గా కూర్చోబెట్టి వెళ్లావు. నా చెవులను దవాఖానలో బాగుచేశారు. నూనెకు గులిమి నాని, బిరడాలా బిగుసుకుందట. డాక్టరు కడగగానే పక్క నుంచి రుక్మిణమ్మ గొంతు వినిపించింది.

"ఆ డబ్బా కూస్తున్నది, జర ఆపమని ఎంత మొత్తుకున్న. ఎన్ని చెప్పినా జవాబియ్యకపోతివి. నా మీద మనసు విరిగిందేమో అని ఒక్కదాన్నే ఏడ్చిన."

ఆమె ఒక్కనాడూ మాట మానలేదు రహీం. డాక్టరు ముందే నాకూ ఏడుపొచ్చింది.

నీ కాక,
అనంతయ్య

తా.క.: ఇన్నాళ్లూ చెప్పినవన్నీ మళ్లీ మొదటి నుంచి చెప్పమన్నాను. పక్కన కూర్చుని చెబుతూనే ఉంది, ఇంకా సగం కూడా కాలేదు. విమానం వస్తే ఆగుతుంది. అది పోయేదాకా నాకు ఓపిక ఉండడం లేదు.