చదువుకున్న తుమ్ము

పెద్ద డాక్టరుగారికి, చొక్కాలకు గుండీలు కుట్టే గుండీలవ్వను, డెబ్బై దాటినదాన్ని, ఇంట్లో మనవరాలు తప్ప ఎవరూ లేనిదాన్ని, చెప్పి రాయిస్తున్నాను.

ఆ మనవరాలే మీ గాజుగదిలో ఉంది. వైరస్ దాని నెత్తుట్లోని తెల్లకణాల్లో దూరి, అక్కడే పిల్లల్ని పెట్టి, ఆ కణాలనే బద్దలుకొట్టుకుని బయటికొస్తోందట. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళను చూశాను గానీ, విరిచేవాళ్ళ గురించి ఇప్పుడే విన్నాను. "ఇప్పుడు ఎవరి జలుబు అంటినా తట్టుకోలేదు అవ్వా" అని నర్సమ్మ చెబితే, నోరుమూసుకుని బయటే ఉన్నాను. గాజులోంచి అది నాలుక చాపి వెక్కిరిస్తుంది, నేనూ వెక్కిరిస్తాను. అంతే మా ముచ్చట.

మరి పొద్దున మీరు గుమ్మంలో తుమ్మి, అరచేత్తో ముక్కు తుడుచుకుని లోపలికెళ్ళారు. "ఏం బాబూ, నీది చదువుకున్న తుమ్మా?" అని అరిస్తే నవ్వేశారు.

దాన్ని బతికించేది మీరేనని తెలుసు. నన్ను లోపలికి పంపమని అడగను. మీ జలుబు తగ్గేదాకా వేరే డాక్టరును పంపండి. ఆ గుమ్మం ముందు నాకొక స్టూలు వేయించండి. తుమ్ముతో ఎవరు దాటుతారో చూస్తాను.

ఇది గుండీలవ్వ బొటనవేలి ముద్ర.
సాక్షులు: ఇది రాసిపెట్టిన లిఫ్టు నడిపేతను, తుమ్ము విన్న పక్క గది పిల్ల తండ్రి, తన పేరు రాయొద్దని బతిమాలిన నర్సమ్మ.