తొమ్మిదో స్థలం దగ్గర దారి

తిరువూరు,
ఈస్టర్ వెళ్ళిన బుధవారం.

యేసు మరియ జోజప్పలకు స్తోత్రం.

ప్రియమైన కరుణక్కకి,

పైనున్న స్తోత్రం లేకుండా మన ఇంటి నుంచి ఉత్తరం పోకూడదని అమ్మ ఆజ్ఞ కాబట్టి రాశాను. ఇక్కడ మేమందరం క్షేమం, నువ్వూ అక్కడ క్షేమమని తలుస్తాం. ఈ వాక్యం నాన్న చెప్పినట్టు రాశాను. దాని సంగతి తర్వాత చూద్దాం. మీ మఠంలో ఈ ఏడాదంతా నీకు ఫోను లేదు, వచ్చిన ఉత్తరమైనా ముందు మీ మదర్ గారు చదివాకే నీ చేతికొస్తుంది. మదర్ గారూ, మీరు తెలుగావిడే కాబట్టి మిమ్మల్నీ ఒక మాట అడుగుతున్నాను. ఇందులో కొన్ని సంగతులు మీకు నచ్చవు. అయినా చివరిదాకా చదివి, ఒక్క ముక్కా కొట్టెయ్యకుండా మా అక్కకి ఇవ్వండి.

అక్కా, నువ్వడిగిన వరుసలోనే జవాబులు రాస్తాను. నాన్న దగ్గు అలాగే ఉంది. రెడ్డిగూడెం మామిడితోటల్లో మందు కొట్టే పని మానలేదు. మూతికి తువ్వాలు కట్టుకోమంటే ఊపిరాడదంటాడు. పనివాళ్ళకి మాస్కులు ఇవ్వాలని తోట యజమానితో నేనే మాట్లాడాను. నేను మాట్లాడానంటే ఎలా మాట్లాడి ఉంటానో నీకు తెలుసు. మర్నాడు నాన్న వెళ్ళి నా బదులు క్షమాపణ చెప్పుకుని వచ్చాడు.

ఆ చిన్న పుస్తకాలు ఇంకా చదువుతున్నావా అని అడిగావు. చదువుతున్నాను. హేతువాద సభల దగ్గర బల్లమీద పరిచి అమ్మేవి, ఎవరైనా చదివి పారేసినవి, ఏవి దొరికితే అవి. నిజాన్ని కాగితం మీద పెట్టి జనం చేతికిస్తే జనం మేలుకుంటారని అన్నిట్లోనూ ఉంటుంది. ఈస్టర్‌కి ముందు వచ్చిన ఈ తపస్సుకాలం దాకా నేనూ అదే నమ్మాను.

ఇక కొండ. మోదుగలు పూశాయా, ఊటలో నీళ్ళున్నాయా, దారి ఎలా ఉంది అని అడిగావు. అమ్మని మాత్రం రాళ్ళదారిన ఎక్కనివ్వకు అని కింద గీత గీసి మరీ రాశావు.

సిలువకొండ మన చిన్నప్పటిలా లేదక్కా. విస్సన్నపేట వైపు నుంచి పైదాకా సిమెంటు రోడ్డు వేశారు. షేర్ ఆటోలు గుడి గుమ్మం ముందే దింపుతున్నాయి. మామూలు రోజుల్లో విజయవాడ కాలేజీ పిల్లలు ట్రెక్కింగని వచ్చి ఫోన్లు పైకెత్తుకుని తిరుగుతుంటారు. తపస్సుకాలం శుక్రవారాల్లో అయితే నిలబడటానికి చోటుండదు. రాళ్ళదారి మాత్రం పాతదే. సిలువ మార్గం పద్నాలుగు స్థలాల సిలువలూ దాని పక్కనే కాబట్టి మొక్కున్నవాళ్ళు అటే ఎక్కుతారు. పోయిన వానాకాలం ఆ దారికింద మట్టంతా కొట్టుకుపోయింది. ఏడో సిలువ దాటాక మెట్లు అడుగున ఆధారం లేకుండా గాల్లో ఉన్నాయి. శివరాత్రి వెళ్ళేసరికి టేకాకులు రాలి ఆ బొరియలన్నీ కప్పేశాయి. ఎండిన టేకాకు మీద కాలు పెడితే నూనెమీద పెట్టినట్టే. ఊట ఎండిపోయింది. తొమ్మిదో సిలువ మీదికి వంగిన బండకి తేనెపట్లు వేలాడుతున్నాయి. కొవ్వొత్తుల పొగ తగిలితే ఈగలు లేస్తాయి. మోదుగలు పూశాయిలే. నేను సరిగా చూడలేదు.

గుడి కమిటీ పెద్ద ఇప్పుడు స్టీఫెన్ మాస్టారు, నీకు లెక్కలు చెప్పినాయనే. ఆయనకి చెబితే, "వానల్లోపు బాగుచేద్దాంలేరా, అప్పటిదాకా దేవుడున్నాడు," అన్నారు. "దేవుడొచ్చి మెట్లకింద మట్టి పొయ్యడండీ," అన్నాను. ఆయన కోప్పడలేదు. ట్యూషన్ గదిలో మూలనున్న నల్లబల్ల ఇచ్చి, రాసుకో అన్నారు. శుక్రవారం తెల్లవారగానే ఎక్కి దిగి, కొండకింద ఆటోలు ఆగేచోట "ఈ వారం దారి" అని సుద్దముక్కతో రాసేవాణ్ణి. ఎవరూ చదవలేదు. బల్లకి గొడుగులు ఆనించారు. నాకు మండింది. ఇంటికొచ్చి కరపత్రం రాసి జెరాక్సు తీయించి ఇంటింటికీ పంచాను. నా పేరు పెట్టి మరీ రాశాను.

"ప్రజలారా, ఆలోచించండి! తొమ్మిదో స్థలం దగ్గర ప్రతి రాయీ కదులుతోంది. మోకాళ్ళు చీరుకుపోతాయి. గొంతు తడుపుకోవడానికి చుక్క నీరు లేదు. నెత్తిన తేనెటీగలు, పక్కన లోయ. ఈ దారిన ఎక్కేవారు ప్రాణం అరచేతిలో పెట్టుకుని ఎక్కుతున్నారు! దయచేసి ఎవరూ ఎక్కవద్దు!"

బాగా రాశాననుకున్నాను. అదే మన కొంప ముంచింది.

మర్నాడు ఎదురింటి జోజమ్మత్త కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది.

"ఎంత బాగా రాశావురా అబ్బాయ్! మా కోడలు చదువుతుంటే అందరం ఏడ్చామంటే నమ్ము. ఈ శుక్రవారం మా ఇంటిల్లిపాదీ అటే ఎక్కుతున్నాం."

"అత్తా, ఎక్కొద్దనే కదా రాసింది!"

"అందుకేరా ఎక్కేది. సులువుగా ఉంటే దాన్ని సిలువ మార్గం అనరు, షికారంటారు."

అక్కా, నీకిది వింతగా ఉండదేమో. నాకు కాళ్ళకింద నేల కదిలింది. ఆ శుక్రవారం రాళ్ళదారిన ఎప్పుడూ లేనంత జనం. పైగా స్టీఫెన్ మాస్టారు నా కరపత్రాన్ని మైకులో చదివించారు. ఎక్కొద్దన్న చివరి ముక్క వదిలేసి, మధ్యలో పాట పెట్టి మరీ. నేను ముందుకి దూకి మైకు లాక్కున్నాను. "మీరు మాస్టారు కాదు, జనాన్ని చావుకి తోలే కాపరి," అని అందరిముందూ అరిచాను. ఆయన తలొంచుకుని నిలబడ్డారు. జనంలో అమ్మ ఉంది. ఇంటికొచ్చాక అన్నం పెట్టి, "నీకోసం నేనొక మొక్కు మొక్కుకున్నానురా," అంది. నీ మొక్కులు నాకేం వద్దని విసుక్కున్నాను. ఏం మొక్కని అడగలేదు.

ఇప్పుడు ఆ మొదటి వాక్యం సంగతి. మేం క్షేమంగా లేమక్కా.

నీ ఉత్తరం మట్టల ఆదివారం ముందురోజు అందింది. అంతకు ముందు వారం శుక్రవారమే అమ్మ రాళ్ళదారిన ఎక్కింది. ఏడో సిలువ నుంచి మోకాళ్ళమీద. తొమ్మిదో సిలువ దగ్గర చెయ్యి ఆనించిన రాయి ఊడివచ్చి, అమ్మ కింద బండమీదికి పడింది. ఆ వేళ నేను కొండమీద లేను. అదే కరపత్రం పెద్ద అక్షరాలతో తీయించడానికి తిరువూరు బజార్లో జెరాక్సు షాపులో ఉన్నాను. ఆటో బాబా అన్న ఫోన్ చేశాడు. నేను పరిగెత్తి వెళ్ళేసరికి నలుగురూ కలిసి అమ్మని నులకమంచం మీద దింపుతున్నారు. నేను కనిపించినవాళ్ళందరినీ తిడుతున్నాను. బాబా అన్న నా భుజం పట్టి ఊపాడు. "తమ్ముడూ, తిట్లు ఎక్కడికీ పోవు. ముందు మంచం కోడు పట్టుకో."

తుంటి విరిగింది. విజయవాడలో ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. ఇప్పుడు ఇంట్లోనే ఉంది, వాకర్ పట్టుకుని గుమ్మందాకా నడుస్తోంది. తోట పనికి ఇక పోలేదు. మోకాళ్ళమీద కూర్చోవడం ఇక కుదరదని డాక్టరు చెబితే అమ్మ అప్పుడొక్కసారే ఏడ్చింది. నీకు కబురు చేస్తే నువ్వు మఠంలో ప్రమాణాలు చేసే మాటపట్టుకి ముందు నీ మనసు చెదురుతుందని, చెప్పనని నాన్నచేతా నాచేతా ఒట్టు వేయించుకుంది. ఆ ఒట్టు ఇప్పుడు తప్పుతున్నాను. నీకు రాసే ఉత్తరాల కింద ఎప్పుడూ ఉండే అమ్మ గీతల సంతకం ఈసారి ఎందుకు ఉండదో ఇప్పుడు నీకు తెలిసింది.

మంచం మీద దింపుతుండగా అడిగాను, ఏం మొక్కావని. "నీ కోపం తగ్గాలని," అంది.

అమ్మ పడ్డాక అయినా జనం ఆగుతారనుకున్నాను. ఆగలేదు. "ప్రభువు మూడోసారి పడిన చోటే హన్నమ్మా పడింది, ఎంత భాగ్యం," అని చూడటానికొచ్చినవాళ్ళు అమ్మ చెయ్యి కళ్ళకద్దుకున్నారు. అమ్మకి నొప్పిలోనూ మొహం వెలిగేది. "నేను చూసుకునే ఎక్కానమ్మా, రాయే కదిలింది," అని ప్రతివాళ్ళకీ చెప్పేది. నేను దారికి అడ్డంగా ముళ్ళకంప వేస్తే పాట పాడుకుంటూ పక్కకి జరిపారు. హోంగార్డుని నిలబెట్టిస్తే అతని అత్తగారే ముందు ఎక్కింది. పవిత్ర శుక్రవారం దగ్గరికొస్తోంది. ఆ రోజు ఎంత జనం వస్తారో నీకు తెలుసు. ఆ మెట్లమీద అంత బరువు పడితే ఎంతమందిని మోసుకు దిగాలో ఊహించుకుంటే నాకు అన్నం దిగలేదు.

అప్పుడు ఇంకో కరపత్రం రాశాను. నా జీవితంలో రాసిన మొదటి అబద్ధం అదే. దాన్ని అలాగే దించుతున్నాను.

"లోగడ నేను రాసినది అతిశయోక్తి. రాళ్ళదారి సులువైనది, పెద్దవాళ్ళు కూడా ఆడుతూ పాడుతూ ఎక్కవచ్చు. పడినవాళ్ళు చూసుకోక పడ్డారు. అసలు కష్టం సిమెంటు రోడ్డుది. మిట్టమధ్యాహ్నం చెప్పులు లేకుండా దానిమీద నడవడం అందరివల్లా అయ్యే పని కాదు."

తీసుకెళ్ళి స్టీఫెన్ మాస్టారికి ఇచ్చాను. ఆయన రెండుసార్లు చదివారు.

"ఇది నిజమేనట్రా?"

"కాదండి."

"మీ అమ్మ వింటుందిరా."

"వింటుందండి."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత, "సిలువలు లేకుండా ఆ రోడ్డున ఎవరు నడుస్తార్రా," అన్నారు. వెదుళ్ళు కొట్టించి బాబా అన్న ఆటోలో వేసుకుని, సిమెంటు రోడ్డు పొడుగునా పద్నాలుగు సిలువలు కట్టాం. దేవుణ్ణి నమ్మని నేనూ, నేను నానా మాటలూ అన్న మాస్టారూ, నమాజు వేళకి పక్కకెళ్ళి వచ్చిన బాబా అన్నా. అప్పటికి మాస్టారికి నేనింకా క్షమాపణ చెప్పలేదు. తాడు పట్టుకున్నప్పుడు చెప్పాను. ముడి గట్టిగా వెయ్యమన్నారు, అంతే.

మాస్టారు మైకులో చదివారు. పవిత్ర శుక్రవారం జనమంతా సిమెంటు రోడ్డున నడిచింది. ఆటోల్లో వచ్చేవాళ్ళు ఎటూ ఆటోల్లోనే వచ్చారు. మొక్కున్నవాళ్ళు ఎండలో అరికాళ్ళు కాల్చుకుంటూ నడిచారు. రాళ్ళదారి మొదట్లో నేను పొద్దున్నుంచీ కాపలా కూర్చున్నాను. ఒక్కరూ రాలేదు. మధ్యాహ్నం మూడింటికి, ఆరాధన మొదలయ్యే వేళకి, ఏడో సిలువ పైన మెట్ల వరస ఒకటి దానంతటదే జారి కింద పడింది. ఆ చప్పుడు పైన ఎవరికీ వినబడలేదు.

గెలిచాననుకున్నాను.

ఈస్టర్ మర్నాడు జోజమ్మత్త మనింటికొచ్చి అమ్మ మంచం పక్కన కాళ్ళు చాపుకుని కూర్చుంది. బొబ్బలు చూపించింది. "ఇదీ వదినా కష్టమంటే! ఆ రాళ్ళదారి ఏముంది, పిల్లలు కూడా ఎక్కుతారంట. మీవాడే రాశాడుగా. నువ్వు కాస్త చూసుకోవలసింది." ఆమె చెడ్డది కాదక్కా, పులుసు కూడా తెచ్చిపెట్టింది. ఆమె వెళ్ళాక అమ్మ నన్ను పిలిచింది.

"నేను చూసుకోకుండా పడ్డానంట్రా?"

నిజం చెబితే అమ్మ సాయంత్రానికల్లా వీధంతా చెబుతుంది. తన పరువు కోసం కాదు, ప్రభువు పడినచోటే తనూ పడిన ఆ స్థలం కోసం. వచ్చేది మే నెల, మరియమాత నెల. మళ్ళీ అందరూ రాళ్ళదారిన పడతారు. మెట్లు ఇంకా కట్టలేదు. మాస్టారు చందాలకి తిరుగుతున్నారు, పని మొదలవలేదు.

"మాట్లాడవేంరా? ఎప్పుడూ అరుస్తావుగా," అంది అమ్మ.

అరవలేకపోయాను. కోపం రాలేదు. అమ్మ నా మొహం చూసి, గోడవైపు తిరిగి పడుకుంది. తన మొక్కు తీరిందనుకుందో, దండగైందనుకుందో నాకు తెలియదు. అప్పటినుంచి చూడటానికొచ్చినవాళ్ళకి ఎలా పడిందో చెప్పడం మానేసింది. కాలు జారిందమ్మా అంటోంది.

బల్లమీద రాయలేనిది నీకైనా రాస్తున్నాను. ఈ వారం దారి: ఏడో స్థలం దాటాక మెట్లు లేవు. ఆకుల కింద బొరియలున్నాయి. నీళ్ళు లేవు. తొమ్మిదో స్థలం దగ్గర అమ్మ పట్టుకున్న రాయి ఉన్నచోట గుంట ఉంది, నా చెయ్యి మోచేతిదాకా దిగింది. అది చూసుకుని ఎక్కినా ఎవరైనా పడే చోటే.

ఒక్కటే అడుగుతున్నాను అక్కా. నువ్వు అమ్మకి విడిగా ఒక ఉత్తరం రాయి. నీ మోకాలిమీద ఇప్పటికీ ఉన్న మచ్చ ఆ తొమ్మిదో స్థలం దగ్గరిదే. నీకు తెలుసు, నువ్వు సాక్షివి. అమ్మా, నువ్వెక్కిందే కష్టమైన దారి, నువ్వు చూసుకునే ఎక్కావు, తమ్ముడు రాసింది అబద్ధం అని రాయి. ఎందుకు రాశాడో కూడా రాయి. మెట్లు కట్టేదాకా ఇది ఎవరికీ చెప్పొద్దని నువ్వంటే అమ్మ పాపసంకీర్తనంలో ఫాదర్ గారు విన్న మాటలా దాచుకుంటుంది. నా మాట అలా దాచుకోదు, ఇప్పుడు నమ్మను కూడా నమ్మదు. మదర్ గారూ, ఈ ఒక్క ఉత్తరానికి అనుమతి ఇవ్వండి.

అమ్మకి చదవడం రాదు కాబట్టి ఆ ఉత్తరం చదివి వినిపించాల్సింది నేనే. నువ్వు రాసిన ప్రతి ముక్కా, నన్ను తిట్టినా సరే, అమ్మ పక్కన కూర్చుని గట్టిగా చదువుతాను.

ఇట్లు,
చదవడానికి ఎదురుచూస్తున్న నీ తమ్ముడు,
ప్రేమ్ కిరణ్