పన్నెండో షరతు

బాబాయికి నమస్కారం.

ఫోన్‌లో మీకు ఎదురు చెప్పలేక రాస్తున్నాను.

మేడ మీద గదులను సెలవులకు వచ్చేవాళ్లకు రెండు మూడు రోజులకు ఇస్తున్నాం కాబట్టి, ఒప్పందం మీద సంతకం లేనిదే తాళం ఇవ్వొద్దన్నారు మీరు. ఆ పత్రం రాసే పని నాకు అప్పగిస్తే పొంగిపోయాను. "పైన పేర్కొన్న", "ఇందుమూలముగా" లాంటి మాటలు దొరికిన చోటల్లా పేర్చి మూడు పేజీలు నింపాను. బాల్కనీ రెయిలింగ్ వదులుగా ఉంది, ఆనుకోవద్దు అన్న ముక్క పన్నెండో షరతుగా మూడో పేజీ అడుగున పడింది.

నిన్న వచ్చిన టీచర్‌గారు భుజాన నిద్రపోతున్న పాపతో, చేతిలో సూట్‌కేసుతో నిలబడి, "ఇంత ఉందేంటమ్మా, నా ఇల్లు రాయించుకుంటున్నావా?" అని నవ్వారు.

"అన్నీ మామూలువేనండీ. ఇక్కడ సంతకం పెట్టండి చాలు" అని పెన్ను అందించాను. ఆయన ఒక్క వాక్యం చదవలేదు. చదవలేదని నేను చూశాను.

సాయంత్రం రెయిలింగ్‌తో సహా కింద పడ్డారు. నడుము విరిగింది. మళ్లీ నడుస్తారో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు డాక్టర్.

"సంతకం ఉందిగా, ఆ కాగితం పంపు, మనకేం భయం లేదు" అన్నారు మీరు. కానీ బాబాయ్, రెయిలింగ్ సంగతి మనిద్దరికీ నెల నుంచి తెలుసు. ఆయనకు తెలియదు.

అందుకే పత్రం మీకు పంపడం లేదు. ఇప్పుడే ఆస్పత్రికి వెళ్లి ఆయన భార్యకు ఇస్తాను, సంతకం ఎలా పెట్టించానో చెబుతాను. నన్ను ఎంతైనా తిట్టండి, కానీ మీరూ రండి. ఒక్కదాన్నే వెళ్లాలంటే భయంగా ఉంది.

మీ అన్నగారి అమ్మాయి