ఎనిమిది దినాల అంగూఠా

పురానాపూల్,
4 జూలై 2007

అమృత టీచరమ్మకు, పూలమ్మే నాగమణమ్మ శనార్తులు చెప్పి రాయించేది.

మా మనుమరాలు భాగ్యశ్రీ రాసిన వ్యాసాన్ని కంప్యూటర్ల, బ్లాగు అనేదాంట్ల పెడతరట. లోకమంత చదువుతదట. అంగూఠా, అదే వేలిముద్ర, పెట్టమని కాయితం పంపినవు. మంచిదే. మరి ఇంటిపేరు రాయరు, ఇల్లెక్కడో చెప్పరు, ఫొటో ఎయ్యరు, గదేంది? ముఖం దాచుకోనీకి పిల్ల ఏమన్న దొంగతనం చేసిందా? దానికి పెద్దదిక్కును నేనే. ఇంటిపేరు, తాత పేరు, గల్లీ, అన్నీ పెళ్లికార్డుల ఏసినట్టు ఎయ్యాలె. లేకుంటే అంగూఠా పెట్ట.

ఇట్లు,
నాగమణమ్మ

ఇంకో మాట: ఇది రాస్తున్నది భాగ్యశ్రీనే. ఏం చేస్త, ఇంట్ల చదువొచ్చినది అదొక్కతే.

*

పాఠశాల,
6 జూలై

గౌరవనీయులైన నాగమణమ్మగారికి నమస్కారాలు.

బ్లాగు ఎవరైనా చదవొచ్చండీ, మంచివాళ్లూ, కానివాళ్లూ. పిల్ల ఎక్కడుంటుందో వాళ్లకెందుకు? అందుకే "భాగ్య, ఎనిమిదో తరగతి" అని మాత్రమే వేస్తాం. చదివినవాళ్లు రాసే మాటలు ముందు నాకొస్తాయి. నేను సరేనంటేనే బ్లాగులో కనిపిస్తాయి. తెలియనివాళ్లకి జవాబివ్వకూడదని పిల్లలకి నేర్పిస్తున్నాం. సోమవారం మొదలు. భాగ్య అందులో లేకపోతే నాకు కష్టంగా ఉంటుంది.

విధేయురాలు,
అమృత

తా.క. పొద్దున్నే మీరు మల్లెలు బేరమాడే తీరు గురించి రాసింది. క్లాసంతా పొట్ట పట్టుకుని నవ్వాం. అందులో మీ పేరు కూడా లేదు, భయపడకండి.

*

పురానాపూల్,
8 జూలై

టీచరమ్మకు, కోపంగ ఉన్న నాగమణమ్మ రాయించేది.

నా బేరం మీద రాసి నా పేరే ఎయ్యలేదా? మస్తు న్యాయం!

నువ్వు చూసినంకనే అంటున్నవు. అరవై మంది పిల్లలను చూస్తవు, కన్ను తప్పితే? నా పూలబుట్టనే ఒకల చేతికియ్య, పిల్లనెట్లిస్త? అందుకే అంగూఠా ఎనిమిది దినాలకే పెడుతున్న. తర్వాత ఉంచాల్నో తియ్యాల్నో నేను చెప్త.

ఇట్లు,
నాగమణమ్మ

ఇంకో మాట: ఇది రాసుకుంట భాగ్య నవ్వింది. ఎనిమిది దినాలు ఎక్కువైనయేమో.

*

పాఠశాల,
14 జూలై

నాగమణమ్మగారికి నమస్కారాలు.

చెప్పకుండా ఉండలేను. నిన్న "మంచి బాబాయి" అనే పేరుతో ఎవరో భాగ్య వ్యాసానికి ఇలా రాసి పంపారు: "పాపా, మస్తు రాసినవ్. మీ ఇల్లు ఏ గల్లీల? మీ నాయినమ్మ ఎప్పుడు ఇంట్ల ఉండదు?"

నేను దాన్ని బ్లాగులోకి రానివ్వలేదు. ఈరోజు క్లాసులో చదివి, ఏం చేయాలని అడిగాను. భాగ్య లేచి, "జవాబియ్యొద్దు టీచర్. మీకు చూపెట్టాలె, ఇంట్ల చెప్పాలె" అంది. అయినా మీరు వద్దంటే ఆ వ్యాసం వెంటనే తీసేస్తాను.

విధేయురాలు,
అమృత

తా.క. ఆ బాబాయి చివర్లో "మీ నాయినమ్మ పూలు పురానాపూల్ మొత్తంల ఫస్ట్‌క్లాస్ అంట గద" అని కూడా రాశాడు. వ్యాసంలో పురానాపూల్ అనే మాటే లేదు. మీకు తెలిసినవాళ్లే అనిపిస్తోంది. జాగ్రత్త.

*

పురానాపూల్,
16 జూలై

మా అమృత టీచరమ్మకు నాగమణమ్మ శనార్తులు.

ఫికర్ చెయ్యకు. ఆ బాబాయిని నేనే. నెట్ సెంటర్ బాబురావుతోటి టైపు చేపిచ్చిన. వద్దమ్మా అన్నడు, నేను ఊకుంటనా? నువ్వు ఆపుతవా లేదా, పిల్ల జవాబిస్తదా లేదా, చూడాలె గద! నువ్వు ఆపినవు. పిల్ల సంచి గూడ దింపకుండ ఉరికొచ్చి నాకు చెప్పింది.

ఇంక నా అంగూఠా దాని చదువు అయ్యేదాక. ఇంటిపేరు ఎయ్యకు, గల్లీ అస్సలే వద్దు. ఇంకా ఏడుగురు తల్లులు అంగూఠా పెట్టకుండ నీ కాయితం మడిచి పెట్టుకున్నరు. శనివారం అందర్నీ తోలుకొస్త, మంచిగ సమజాయించు.

ఇట్లు,
నాగమణమ్మ

తా.క. టీచర్, ఇది నేను, భాగ్యను. ఆ బాబాయి మా నాయినమ్మేనని ఇది రాస్తుంటేనే తెలిసింది. రెండు దినాలు వెనక్కి చూసుకుంట నడిచిన! ఇప్పుడు దీని మీద ఇంకో వ్యాసం రాస్తున్న. ఆమెకు చెప్పకండి, అంగూఠా వాపస్ తీసుకుంటది.